స్టార్ అనలైజర్ 100: డాబా మీది టెలిస్కోపుతో క్వేజార్ రెడ్‌షిఫ్ట్ కొలవగలమా?

తీర్పు ముందే చెప్పేస్తే మిగతాది చదవాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. 200 మి.మీ. టెలిస్కోపు, ట్రాకింగ్ ఉన్న ఈక్వటోరియల్ మౌంటు, ఒక మోనో (నలుపు తెలుపు) కెమెరా ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ గ్రేటింగ్, అంటే కాంతిని రంగులుగా విడదీసే గీతల గాజు, కొనుక్కోండి. ఒక మంచి ఐపీస్‌కు పెట్టే డబ్బుతో 3సి 273 అనే క్వేజార్ (చుక్కలా కనిపించే, చాలా దూరపు గేలక్సీ కేంద్రం) రెడ్‌షిఫ్టును, అంటే దాని కాంతి గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో, సొంతంగా కొలవచ్చు. అంతేగానీ పది గేలక్సీల రెడ్‌షిఫ్టులు వరసగా తీసి హబుల్ గీత (దూరం పెరిగేకొద్దీ వేగం పెరుగుతుందని చూపే గ్రాఫు) గీసేద్దామనే ఆశతో కొనకండి. ఈ పరికరం ఆ పనికి పుట్టలేదు. అందులో తయారీ లోపమేమీ లేదు, అడ్డొచ్చేది భౌతికశాస్త్రమే.

వస్తువు చూడటానికి ఏమీ ఉండదు. 1.25 అంగుళాల మామూలు ఫిల్టర్ సైజు రింగులో ఒక గాజు బిళ్ళ, దాని మీద మిల్లీమీటరుకు 100 గీతలు. ఇంగ్లండ్‌కు చెందిన పేటన్ హాక్స్‌లీ అనే సంస్థ తయారు చేస్తుంది. గీతలకు రెండు వైపులా గాజు రక్షణ ఉంది కాబట్టి దుమ్ము పడితే మామూలు ఫిల్టర్ లాగే తుడుచుకోవచ్చు. గీతల్ని ఒక కోణంలో చెక్కడం వల్ల కాంతిలో ఎక్కువ భాగం ఒకే పక్కకు, మొదటి వరస వర్ణపటంలోకి వెళ్తుంది. రెండో పక్కనా ఒక వర్ణపటం కనిపిస్తుంది గానీ అది మసక. ఏది ఎటు అన్నది తెలియడానికి రింగు మీద చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసుకోకుండా బిగించి, మసక వర్ణపటాన్నే తీస్తూ కూర్చుని, పరికరం బాగాలేదని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. కొనేటప్పుడు బిల్లు మీద షిప్పింగు, కస్టమ్స్ సుంకం అదనంగా పడతాయని లెక్క వేసుకోండి.

కెమెరా ముక్కుకు బిగించాక చిత్రంలో రెండు కనిపిస్తాయి. ఒకటి నక్షత్రం చుక్క, దీన్ని సున్నా వరస అంటారు. రెండోది దానికి కొంత దూరంలో పొడుగాటి కాంతి పట్టీ, అదే వర్ణపటం. ఈ దూరమే మన కొలబద్ద. సున్నా వరస చుక్క దగ్గర తరంగదైర్ఘ్యం సున్నా అనుకుని, అక్కడి నుంచి పిక్సెళ్ళు లెక్కపెట్టుకుంటూ పోవడమే.

అయితే ఒక పిక్సెల్‌కు ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌లు (తరంగదైర్ఘ్యపు కొలత, మిల్లీమీటరులో కోటో వంతు)? మొత్తం ఫలితం దీని మీదే ఆధారపడుతుంది, డబ్బా తెరిచిన రోజు చాలామంది దాటేసేదీ ఇదే. గీతకీ గీతకీ మధ్య దూరం 10 మైక్రాన్లు, అంటే 1,00,000 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని పిక్సెల్ సైజుతో గుణించి, గ్రేటింగ్ నుంచి సెన్సర్ దాకా ఉన్న దూరంతో భాగించాలి. 3.75 మైక్రాన్ల పిక్సెల్, 50 మి.మీ. దూరం అయితే 1,00,000 × 0.00375 ÷ 50 = 7.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ లెక్కన 7,600 ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు సున్నా వరస నుంచి 1,013 పిక్సెళ్ళ దూరంలో పడుతుంది. 1,280 పిక్సెళ్ళ వెడల్పున్న సెన్సర్‌లో చుక్కను ఎడమ అంచుకు దగ్గరగా పెడితే సరిగ్గా సరిపోతుంది. దూరం 80 మి.మీ. చేస్తే వర్ణపటం ఇంకా విడిపోతుంది గానీ ఆ సెన్సర్‌లో పట్టదు, పైగా అంతే కాంతి ఎక్కువ పిక్సెళ్ళ మీద పరుచుకుని పలచబడుతుంది. 20 మి.మీ. దగ్గరికి తెస్తే కాంతి చిక్కగానే ఉంటుంది కానీ పిక్సెల్‌కు దాదాపు 19 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే గీతలన్నీ ముద్దయిపోతాయి. కాబట్టి కొనేముందు మీ కెమెరా ముక్కు చివర నుంచి సెన్సర్ దాకా ఎంత ఉందో స్కేలు పెట్టి కొలవండి. తక్కువైతే 1.25 అంగుళాల ఎక్స్‌టెన్షన్ రింగులు దొరుకుతాయి. ఫిల్టర్ వీల్‌లో పెట్టాలనుకుంటే దూరం ఎలాగూ తక్కువే కాబట్టి 200 గీతల మోడల్ తీసుకోవాలి. దాన్ని 25 మి.మీ. దూరంలో పెట్టినా అదే 7.5 వస్తుంది.

ఇప్పుడు అసలు పరిమితి. ప్రయోగశాల స్పెక్ట్రోగ్రాఫ్‌లో సన్నని చీలిక ఉంటుంది, కాంతి దానిలోంచి పోతుంది కాబట్టి గీతలు పదునుగా వస్తాయి. ఇక్కడ చీలిక లేదు. నక్షత్రం చుక్కే చీలిక. చుక్క ఎంత లావుగా ఉంటే గీత అంత లావు. ఎఫ్/10 ఉన్న 200 మి.మీ. టెలిస్కోపుకు 6.3 రిడ్యూసర్ (ఫోకల్ దూరాన్ని తగ్గించే కటకం) పెడితే ఫోకల్ దూరం 1,280 మి.మీ. దగ్గరకొస్తుంది. 3 ఆర్క్ సెకన్ల సీయింగ్‌లో (గాలి కదలికల వల్ల చుక్క మసకబారే మోతాదు) చుక్క 5 పిక్సెళ్ళు, అంటే 37 ఆంగ్‌స్ట్రామ్‌లు. కుదించుకుపోతున్న కాంతి పుంజంలో గ్రేటింగ్ పెట్టడం వల్ల వచ్చే కోమా (తోకలా సాగే మసక) కలిపితే 40 నుంచి 60 మధ్య అనుకోండి. రిడ్యూసర్ ఎంత గట్టిదైతే ఈ కోమా అంత ముదురుతుంది, ఎఫ్/5 కంటే కిందికి పోకపోవడం మంచిది.

చుక్కే ఇంత చిక్కు తెస్తుంటే, గేలక్సీ అసలు చుక్కే కాదు. అదొక మసక మరక. మరక వర్ణపటం ఇంకో పెద్ద మరక. పోనీ నడి భాగం ఒక్కటే తీసుకున్నామనుకోండి. కన్యా రాశి గుంపులోని ఎం87 మన నుంచి సెకనుకు దాదాపు 1,280 కి.మీ. వేగంతో దూరమవుతోంది. ఆ వేగానికి 6,563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి హైడ్రోజన్ ఆల్ఫా గీత జరిగేది 28 ఆంగ్‌స్ట్రామ్‌లు, మన కెమెరాలో నాలుగు పిక్సెళ్ళు కూడా కాదు. ఆండ్రోమెడా గేలక్సీ సెకనుకు 300 కి.మీ. వేగంతో మన వైపే వస్తోంది. దాని జరుగుడు ఒక్క పిక్సెల్ లోపే. 1912లో లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ ఇదే ఆండ్రోమెడాకు ఒక్కో ఫొటో ప్లేటు మీద గంటల తరబడి కాంతి పట్టి ఆ 300 ని కొలిచాడంటే ఆయన దగ్గర పదునైన చీలిక, ఓపిక రెండూ ఉన్నాయి. మన దగ్గర ఓపిక ఉన్నా చీలిక లేదు.

మరి క్వేజార్‌కు ఎందుకు పనికొస్తుంది? మూడు కారణాలు. అది చుక్క లాగే కనిపిస్తుంది. దాని గీతలు ఉద్గార రేఖలు, అంటే వర్ణపటం మీద మూపురాల్లా పైకి లేస్తాయి. పైగా అవి సహజంగానే వెడల్పైనవి. 3సి 273 లోని హైడ్రోజన్ వాయువు సెకనుకు 3,000 కి.మీ. పైబడిన వేగాలతో తిరుగుతుంటుంది, దానివల్ల హైడ్రోజన్ బీటా గీత 60 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా లావెక్కుతుంది. గీతే అంత లావైనప్పుడు పరికరం మొద్దుదైనా నష్టం తక్కువ. అన్నిటికీ మించి జరుగుడు పెద్దది. ప్రయోగశాలలో 4,861 దగ్గర ఉండాల్సిన బీటా గీత 5,629 దగ్గర కనిపిస్తుంది. జరుగుడు 768 ఆంగ్‌స్ట్రామ్‌లు, మన లెక్కలో 102 పిక్సెళ్ళు. ఆ 768ను 4,861తో భాగిస్తే వచ్చే 0.158 నే రెడ్‌షిఫ్ట్ అంటారు, దాని గుర్తు జెడ్. దీన్ని చూడలేకపోవడమే కష్టం.

3సి 273 కన్యా రాశిలో ఉంది, ప్రకాశం (మాగ్నిట్యూడ్) 12.9. కన్యలోని ఈటా నక్షత్రం నుంచి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీలు. హైదరాబాద్ నుంచి చూస్తే దక్షిణాన 75 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఐరోపా వాళ్ళు అసూయపడే ఎత్తు. మార్చి చివర్లో అర్ధరాత్రికి మధ్యాహ్న రేఖ మీద ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తీయవచ్చు, ఆ తర్వాత మబ్బులే. చార్టు లేకుండా గుర్తుపట్టడం కష్టం, చుట్టుపక్కల చుక్కలకూ దానికీ చూపులో తేడా ఏమీ ఉండదు.

క్రమాంకనం కోసం, అంటే పిక్సెళ్ళను తరంగదైర్ఘ్యాలుగా మార్చే కొలబద్ద తేల్చుకోవడానికి, ముందుగా తీయాల్సింది ఉత్తర ఫల్గుణి, డెనెబోలా. ‘ఏ’ (A) తరగతి నక్షత్రం కాబట్టి హైడ్రోజన్ శోషణ గీతలు (కాంతి తగ్గిన నల్ల గీతలు) లోతుగా, తేలిగ్గా దొరుకుతాయి. పైగా 3సి 273కి దగ్గర్లోనే ఉంది. ఫోకస్ ఇక్కడే చేసుకోవాలి, అదీ చుక్కను చూసి కాదు. సున్నా వరస చుక్క పదునుగా ఉన్నప్పుడు వర్ణపటం పదునుగా ఉండదు, రెండిటి ఫోకస్ వేర్వేరు. బీటా గీత సన్నగా, లోతుగా కనిపించే దాకా తిప్పి, ఫోకసర్‌ను బిగించేయండి. సున్నా వరస దగ్గర 0, బీటా గీత దగ్గర 4,861 అని రెండు బిందువులు ఇస్తే సాఫ్ట్‌వేర్ పిక్సెల్ విలువ తేల్చేస్తుంది. ఉచితంగా కావాలంటే బాస్ ప్రాజెక్ట్ ఉంది, డబ్బు పెట్టగలిగితే ఆర్‌స్పెక్ నేర్చుకోవడం సులువు. చేతి లెక్క 7.5 కదా అని కొలవకుండా వదిలేయకండి. రింగు మరలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా పిక్సెల్ విలువ ఒక శాతం మారుతుంది, 5,629 దగ్గర అది 56 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇక డెనెబోలాకూ క్వేజార్‌కూ మధ్య గ్రేటింగ్‌ను ముట్టుకోవద్దు. కెమెరా తిప్పాల్సి వస్తే గ్రేటింగ్‌తో సహా ఒకే ముద్దగా తిప్పండి.

తిప్పాల్సి వస్తుంది కూడా. చీలిక లేనందువల్ల చుట్టుపక్కల ప్రతి చుక్కకూ ఒక వర్ణపటం, ఒక సున్నా వరస. వాటిలో ఏదైనా మన పట్టీ మీద పడితే అది ఉద్గార రేఖ లాగే కనిపిస్తుంది. పట్టీ ఖాళీ ఆకాశం మీద పడే కోణం దొరికే దాకా తిప్పి చూడాలి. వీలైతే వర్ణపటం ఉత్తర దక్షిణాలుగా పరుచుకునే కోణం మేలు. మౌంటు ట్రాకింగ్ తప్పులు తూర్పు పడమరల్లో వస్తాయి, అప్పుడవి పట్టీని లావు చేస్తాయి గానీ గీతల్ని చెరపవు.

ఎక్స్‌పోజర్ 30 సెకన్ల చొప్పున 40 ఫ్రేములతో మొదలుపెట్టండి, మొత్తం 20 నిమిషాలు. చంద్రుడు లేని రాత్రి తప్పనిసరి. ప్రతి పిక్సెల్ మీదా మొత్తం ఆకాశపు కాంతి అన్ని రంగులతో సహా పడుతుంది కాబట్టి ఊరి వెలుగులో నేపథ్యం క్వేజార్ సంకేతానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పట్టీకి పైనా కిందా ఉన్న ఆకాశాన్ని తీసివేయవచ్చు, దాని గరుకుదనాన్ని (నాయిస్) మాత్రం తీసివేయలేం. నగరం నడిబొడ్డున అయితే ఫ్రేములు రెండు మూడు రెట్లు పెంచాలి. ఇక మన వేసవి సంగతి. ఏప్రిల్ రాత్రి 28 డిగ్రీల్లో కూలింగ్ లేని కెమెరా నిండా వేడి పిక్సెళ్ళే. పట్టీ మీద పడిన ప్రతి వేడి పిక్సెలూ ఒక దొంగ ఉద్గార రేఖ. అదే ఉష్ణోగ్రతలో డార్క్ ఫ్రేములు (మూత పెట్టి తీసే చీకటి చిత్రాలు) తీయడం, పది ఫ్రేములకోసారి చుక్కను కాస్త జరపడం, రెండూ చేయాల్సిందే.

గ్రాఫు వచ్చాక అసలైన ఉచ్చులు మొదలవుతాయి. మొదటిది, కెమెరా స్పందన 5,500 చుట్టూ సహజంగానే గుట్టలా ఉంటుంది. 5,629 దగ్గరున్న బీటా మూపురం ఆ గుట్ట నెత్తి మీదే కూర్చుంటుంది. డెనెబోలా వర్ణపటాన్ని ఏ3 తరగతి నక్షత్రపు ప్రామాణిక వర్ణపటంతో పోల్చి స్పందన వక్రాన్ని రాబట్టి, దానితో భాగిస్తే గుట్ట పోయి మూపురం మిగులుతుంది. రెండోది మరీ కొంటెది. ఆల్ఫా గీత 6,563 × 1.158 = 7,600 దగ్గరకు జరుగుతుంది. మన వాతావరణంలోని ఆక్సిజన్ కాంతిని బలంగా మింగేసేది కూడా సరిగ్గా అక్కడే. దాంతో అన్నిటికంటే బలమైన గీత నడినెత్తిన గుంట పడి, రెండు శిఖరాలుగా చీలినట్టు కనిపిస్తుంది. ఎడమ శిఖరాన్నో కుడి శిఖరాన్నో పట్టుకుని లెక్క కట్టారా, పప్పులో కాలేసినట్టే. పైగా నీలి కాంతి రెండో వరస వచ్చి ఎర్ర కాంతి మీద పడటం మొదలయ్యేదీ ఆ చుట్టుపక్కలే. చాలా కలర్ కెమెరాలతో ఈ గోలే లేదు. వాటి ముందున్న యూవీ-ఐఆర్ కట్ గాజు 7,000 దాటాక ఏమీ రానివ్వదు కాబట్టి ఆల్ఫా గీతే ఉండదు, ఫిల్టర్ మార్చని డీఎస్ఎల్ఆర్‌తోనూ అంతే. కాబట్టి కొలత బీటా, గామాలతోనే చేయండి. బీటా గీతకు కుడి పక్కన 5,798 దగ్గర ఆక్సిజన్ గీత ఒక భుజంలా అంటుకుని ఉంటుంది. మొత్తం మూపురానికి మధ్యబిందువు తీస్తే జవాబు ఎరుపు వైపు లాగేస్తుంది, శిఖరం దగ్గరి భాగాన్నే తీసుకోండి.

జవాబు సరైందా కాదా తేల్చుకోవడానికి పుస్తకంలోని 0.158 తో పోల్చక్కర్లేదు. బీటా తరంగదైర్ఘ్యాన్ని గామాతో భాగించండి. ప్రయోగశాలలో 4,861 ÷ 4,340 = 1.120. మీ గ్రాఫులో 5,629 ÷ 5,026 కూడా 1.120 రావాలి. రెడ్‌షిఫ్ట్ గీతలన్నిటినీ ఒకే మొత్తంలో జరపదు, ఒకే గుణకంతో సాగదీస్తుంది. బీటా 768 జరిగితే గామా 686, డెల్టా 648 జరుగుతాయి. మూడూ ఒకే దూరం జరిగినట్టు కనిపిస్తే తప్పు ఆకాశంలో లేదు, మీ సున్నా బిందువులో ఉంది. 1963 ఫిబ్రవరిలో మార్టెన్ ష్మిట్ పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోపు ప్లేటు మీద అర్థంకాని గీతల్ని చూస్తూ పట్టుకున్నది కూడా ఈ వరసనే. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు చంద్రుడు దానికి అడ్డొచ్చిన క్షణాలను బట్టి దాని స్థానాన్ని ఖరారు చేసింది. అక్కడున్న చుక్క గీతలు ఏ మూలకానివో తెలియలేదు, హైడ్రోజన్ గీతలే 16 శాతం సాగాయని అనుకుంటే గానీ.

పొరపాట్లు లేకపోతే ఒక పిక్సెల్ తేడాకు జెడ్ విలువలో వచ్చే దోషం 0.0015. మొదటి ప్రయత్నంలో 0.15 నుంచి 0.165 మధ్య వస్తే సంతోషించండి.

ఇంతకీ ఆ 0.158 ఏం చెబుతుంది? ఆ కాంతి బయల్దేరినప్పటి విశ్వంలో దూరాలు ఇవాళ్టి దూరాల్లో 1 ÷ 1.158, అంటే 86 శాతం. దాదాపు 200 కోట్ల ఏళ్ళ ప్రయాణంలో అంతరిక్షంతో పాటే తరంగమూ సాగింది. కాంతి వేగంతో గుణించి సెకనుకు 47,400 కి.మీ. అని రాసుకోవచ్చు గానీ, అది అంతరిక్షంలో క్వేజార్ పరుగెత్తే వేగం కాదు. ఇక నిక్కచ్చిగా మాట్లాడుకుంటే, ఈ ఒక్క అంకె విశ్వ విస్తరణకు రుజువు కాదు. 1929లో హబుల్ వేసిన గీతకు రెండు అక్షాలున్నాయి: ఒకటి వేగం, రెండోది విడిగా కొలిచిన దూరం. స్టార్ అనలైజర్ ఇచ్చేది మొదటి అక్షం, అందులోనూ ఒక్క బిందువు. ఆ గీత వాలును హబుల్ ఒక్కో మెగాపార్సెక్‌కు (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) సెకనుకు 500 కి.మీ. అన్నాడు, దూరాల కొలబద్ద తప్పడం వల్ల. ఇవాళ విశ్వ నేపథ్య వికిరణం నుంచి 67, దగ్గరి గేలక్సీల సూపర్నోవాల (పేలే నక్షత్రాల) నుంచి 73 వస్తున్నాయి. దూరం ఎంత మొండి ఘటమో దీన్నిబట్టే తెలుస్తుంది.

క్వేజార్ల రెడ్‌షిఫ్ట్ విస్తరణ వల్ల కాదు, వేరే కారణాల వల్ల అని హాల్టన్ ఆర్ప్ లాంటి ఖగోళ శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించారు. వాదన వీగిపోయింది ఎక్కువగా రెండు విధాలుగా. క్వేజార్ల చుట్టూ ఉన్న గేలక్సీలకు కూడా అదే రెడ్‌షిఫ్ట్ ఉందని తేలింది. 1979లో జంట క్వేజార్ దొరికింది: జెడ్ 0.36 ఉన్న గేలక్సీ, 1.41 ఉన్న క్వేజార్ కాంతిని వంచి రెండు బింబాలు చేస్తోంది, అంటే క్వేజార్ దాని వెనకాలే ఉండాలి. 3సి 273 విషయంలో ఇంకా సూటి సాక్ష్యం ఉంది. చిలీలోని గ్రావిటీ పరికరం దాని వాయుమండలం కోణీయ పరిమాణాన్ని కొలిచింది. ఆ వాయువు కేంద్రపు మినుకులకు ఎన్నాళ్ళకు స్పందిస్తుందో వేరే బృందాలు కొలిచాయి, అది అసలు పరిమాణాన్ని ఇస్తుంది. రెండూ కలిపితే 2020లో వచ్చిన దూరం సుమారు 550 మెగాపార్సెక్‌లు. దాని నుంచి లెక్కగట్టిన హబుల్ స్థిరాంకం (ఆ గీత వాలే) 71.5, అటూ ఇటూ 12 దాకా దోషంతో. మీ గ్రాఫులోని అదే బీటా మూపురం అదే వాయువు నుంచి వచ్చింది.

పూర్తి హబుల్ గీతే కావాలంటే డబ్బు ఖర్చు లేకుండా స్లోన్ సర్వే (ఆకాశాన్ని గాలించి లక్షల గేలక్సీల వర్ణపటాలు తీసిన ప్రాజెక్టు) వర్ణపటాలు తెరిచి, ఒక్కో గేలక్సీ గీతలు మీరే గుర్తించుకోండి. ఆ పనికి అది ఈ గ్రేటింగ్ కంటే ఎంతో మెరుగు. గ్రేటింగ్‌తో చేయదగ్గ ఇంకో పని 1ఏ రకం సూపర్నోవాలను గుర్తుపట్టడం. గరిష్ఠ ప్రకాశం దగ్గర 6,150 చుట్టూ సిలికాన్ గుంట స్పష్టంగా కనిపిస్తుంది. దూరపు 1ఏ సూపర్నోవాలు రెడ్‌షిఫ్ట్ ఎంత ఉంటే అంత నెమ్మదిగా వెలిగి ఆరుతున్నట్టు కనిపించడం విస్తరణకు ఉన్న గట్టి సాక్ష్యాల్లో ఒకటి, కాకపోతే అంత దూరపువి ఈ పరికరానికి అందవు.

3సి 273 అయ్యాక ఇంకా దూరం పోదామనే వాళ్ళకు ఒక హెచ్చరిక. పీజీ 1634+706 అనే క్వేజార్ ప్రకాశం 14.7, జెడ్ 1.33 దగ్గర. 250 మి.మీ. పైబడిన టెలిస్కోపు ఉండాలి. దాని మెగ్నీషియం గీత 2,798 నుంచి జరిగి 6,530 చుట్టూ పడుతుంది. అసలు జరగని హైడ్రోజన్ ఆల్ఫా గీత చోటు 6,563. తేడా నాలుగైదు పిక్సెళ్ళు. క్రమాంకనం సరిగ్గా చేయనివాళ్ళు దీన్ని ఆల్ఫా అనుకుని, రెడ్‌షిఫ్ట్ సున్నా అని రాసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు 4,450 దగ్గర కార్బన్ మూపురం కనిపిస్తోందేమో వెతకండి. రెండూ ఉంటే నిష్పత్తి 2,798 ÷ 1,909 = 1.466 వస్తుందో లేదో చూసి గానీ ఫలితం రాయకండి.